సోయా భయాలు – ఎంత నిజం, ఎంత పుకారు



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో సంఘాల తనిఖీకి మేము వెళ్లినప్పుడు పాల కొలత, వెన్న శాతం, బిల్లుల చెల్లింపు, దాణా ధర చర్చకు వచ్చుట మామూలే. కొంత కాలంగా వీటికి తోడు ఇంకొక ప్రశ్న ఎదురవుతున్నది. "మీల్ మేకర్ తింటే మగపిల్లలకు ఆడ లక్షణాలు వస్తాయట, నిజమేనా సార్?" అని ఒకరు అడుగుతారు. "సోయా తింటే థైరాయిడ్ వస్తదట గదా?" అని ఇంకొకరు. "సోయా చెక్క మేసిన బర్రె పాలు పిల్లలకు పొయ్యవచ్చునా?" అని మరొకరు. పాలకుర్తి వైపు విన్న మాటే తొర్రూరులోనూ, చిట్యాలలోనూ వింటున్నాము.

ఇది పాల సంఘానికి సంబంధం లేని విషయమని త్రోసిపుచ్చుటకు వీలు లేదు. ఎందుకంటే ఒకటి, మన సభ్యుల ఇండ్లలో మాంసం, గుడ్డు వారానికి ఒకటి రెండు సార్లకు మించని ఇండ్లు చాలా కలవు. తక్కువ ధరకు దొరికే మీల్ మేకర్‌ను పుకారు విని మానివేస్తే పిల్లల పళ్లెంలో మాంసకృత్తులు తగ్గుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 33 మంది వయసుకు తగిన ఎత్తు లేరు. రెండు, సోయా పశువుల దాణాలో కూడా ఉన్నది. మూడు, "సోయా చెడ్డది, కావున పాలే కొనండి" అని చెప్పాలన్న ఆశ మన వారిలో కొందరికి కలుగుతున్నది. ఈ మూడింటి గురించి సభ్యులు స్పష్టంగా తెలుసుకొనుట మంచిది.

సోయా అంటే ఏమిటి?

సోయా చిక్కుడు మన మూడు జిల్లాల ముఖ్య పంట కాదు. మనది వరి, పత్తి, మక్క, మిర్చి ప్రాంతం. తెలంగాణలో సోయా ఎక్కువగా ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి, సంగారెడ్డి వైపు పండుతున్నది. 1960వ దశకంలో పంత్‌నగర్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం సహకారంతో ఈ పంటపై పరిశోధనలు చేసిన తరువాత మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలో సాగు బాగా పెరిగింది. చైనా, జపాను దేశాలవారు మాత్రం శతాబ్దాల తరబడి సోయాను నిత్యాహారంగా తింటున్నారు.

సోయా గింజలో నూటికి సుమారు 40 పాళ్లు మాంసకృత్తులు, 20 పాళ్ల వరకు నూనె ఉంటాయి. నూనె తీయగా మిగిలిన పిండిని యంత్రంలో వేడితో, ఒత్తిడితో ఉబ్బించి తయారు చేసినవే మీల్ మేకర్లు. పశువుల కోసం వేరుగా తయారు చేసినది సోయా చెక్క. కావున మన ఇంటికి సోయా మూడు దారులలో వస్తున్నది: కిరాణా దుకాణం నుండి మీల్ మేకర్‌గా, ప్యాకెట్టులో నూనెగా, బస్తాలో దాణాగా.

పుకారును పరీక్షించే పద్ధతి

సేకరణ కేంద్రంలో పాల రంగు చూసి ధర కట్టము. లాక్టోమీటరు వేస్తాము, వెన్న శాతం చూస్తాము. ఆహారం గురించిన మాటను కూడా అదే విధంగా పరీక్షించవలెను. దానికి మూడు ప్రశ్నలు చాలు. ఎంత తింటే? ఎవరు తింటే? ఏ రూపంలో తింటే?

మన వాకిట్లోని ఉదాహరణ చూడండి. పత్తి గింజలో గాసిపాల్ అనే విష పదార్థం ఉన్నది. అయినా నెమరు వేసే పెద్ద బర్రెకు పత్తి చెక్కను తగు పాళ్లలో పెడుతున్నాము, పాలు పిండుతున్నాము. ఇంకా నెమరు సరిగా పట్టని లేత దూడకు మాత్రం పెట్టరాదు. వస్తువు ఒక్కటే, మోతాదును బట్టి, ప్రాణిని బట్టి, రూపాన్ని బట్టి ఫలితం మారుతున్నది. ఈ మూడు ప్రశ్నలతోనే సోయా భయాలను ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటి భయం: మగవారికి ఆడ లక్షణాలు వస్తాయని

సోయాలో ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు ఉన్నవి. ఇవి రూపంలో ఆడవారి శరీరంలో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోనును కొంత పోలి ఉంటాయి. పుకారుకు మూలం ఇదే. అయితే పోలిక ఉన్నంత మాత్రాన పని ఒక్కటి కాదు. వీటి ప్రభావం అసలు హార్మోను ప్రభావం కంటే ఎన్నో రెట్లు బలహీనం.

ఈ అనుమానం మొదట పుట్టినది పశువుల విషయంలోనే. 1940వ దశకంలో పశ్చిమ ఆస్ట్రేలియాలో క్లోవర్ అనే పచ్చిమేత మేసిన గొర్రెలు చూలు కట్టక మందలకు మందలే నష్టపోయాయి. 1946లో అక్కడి పశువైద్య శాస్త్రజ్ఞులు దీనిని ప్రకటించారు. ఆ మేతలో ఐసోఫ్లేవోన్ జాతి పదార్థాలు ఎక్కువగా ఉండుట, గొర్రె కడుపులోని సూక్ష్మజీవులు వాటిని మరింత బలమైన పదార్థంగా మార్చుట దీనికి కారణమని తరువాత తేలింది. ఆ గొర్రెలకు నెలల తరబడి ముఖ్యమైన మేత అదే. అది సోయా కాదు. గొర్రె కడుపు మనిషి కడుపు కాదు. అదే మేతకు ఆవులు సైతం గొర్రెలంతగా దెబ్బ తినవు.

మనుషుల సంగతి చూద్దాము. 2008లో అమెరికా వైద్య పత్రిక ఒకదానిలో అరవై ఏండ్ల మనిషి ఒకరి గురించి ప్రచురించారు. అతనికి రొమ్ములు వాచి నొప్పి పెట్టాయి. విచారించగా ఆయన రోజుకు దాదాపు మూడు లీటర్ల సోయా పానీయం తాగుతున్నట్లు తెలిసింది. మానివేసిన తరువాత నొప్పి తగ్గింది, హార్మోను మామూలు స్థాయికి వచ్చింది. సోయాకు వ్యతిరేకంగా చెప్పేవారు ఈ ఒక్క మనిషి సంగతి చెబుతారు గాని, మూడు లీటర్ల సంగతి చెప్పరు. ఇక 2021లో 41 వైద్య పరిశోధనలను కలిపి లెక్క కట్టినప్పుడు, సోయా ఆహారం వలన గాని ఐసోఫ్లేవోన్ల వలన గాని మగవారి హార్మోన్లలో గమనించదగిన మార్పు కనబడలేదు. వారానికి రెండు మూడు సార్లు కూరలో వేసుకొనే గుప్పెడు మీల్ మేకర్‌తో మగపిల్లవాని మగతనానికి ముప్పు లేదు.

రెండవ భయం: ఆడవారికి రొమ్ము క్యాన్సర్ వస్తుందని

ఈస్ట్రోజన్ వలన కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లు పెరుగుతాయి గనుక, దానిని పోలిన సోయా కూడా చెడు చేయునేమో అని వైద్యులే ఒకప్పుడు సందేహించారు. సందేహించుట తప్పు కాదు. పరీక్షించకుండా ప్రచారం చేయుటే తప్పు. చైనాలోని షాంఘై నగరంలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 5,042 మంది స్త్రీలను కొన్నేండ్లు పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. సోయా ఆహారం ఎక్కువగా తిన్నవారిలో వ్యాధి తిరగబెట్టుట, మరణాలు తక్కువగా ఉన్నట్లు తేలింది. దీనిని బట్టి సోయా క్యాన్సర్‌కు మందు అని చెప్పరాదు. కాని విషమన్న మాట మాత్రం నిలబడదు. క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారు సోయా సారంతో చేసిన మాత్రలు, పొడులు వైద్యుని అడగకుండా వాడరాదు. కూర వేరు, సారం పిండిన మాత్ర వేరు.

మూడవ భయం: థైరాయిడ్

ఈ భయంలో కొంత నిజం ఉన్నది. 1950–60 ప్రాంతంలో విదేశాలలో తల్లిపాలకు బదులు సోయా పిండితో చేసిన డబ్బా ఆహారం మీదనే పెరిగిన కొందరు శిశువులకు గొంతు వద్ద గ్రంథి వాచింది. ఆ ఆహారంలో అయోడిన్ లేకపోవుటే ముఖ్య కారణం. అయోడిన్ కలుపుట మొదలుపెట్టిన తరువాత ఆ సమస్య దాదాపు పోయింది. శరీరానికి చాలినంత అయోడిన్ అందుతున్న పెద్దలకు సోయా వలన థైరాయిడ్ జబ్బు కలుగుతుందని పరిశోధనలలో తేలలేదు.

మన దేశంలో గాయిటర్ నివారణ కార్యక్రమం 1962లో మొదలైంది. అయోడిన్ కలిపిన ఉప్పు వాడకం దానిలో ముఖ్యం. ఇప్పటికీ కొన్ని ఇండ్లలో అయోడిన్ కలపని దొడ్డుప్పే వంటకు వాడుతున్నారు. థైరాయిడ్ గురించి దిగులు ఉన్నవారు మీల్ మేకర్ మానుటకు ముందు ఇంట్లోని ఉప్పు ప్యాకెట్టు మీద "అయోడిన్" అన్న మాట ఉన్నదో లేదో చూడవలెను.

ఇప్పటికే థైరాయిడ్ గోళీలు వాడుతున్నవారు ఒక విషయం గుర్తుంచుకోవలెను. సోయా ఆ మందు ఒంటికి పట్టుటకు అడ్డు తగులుతుంది. కావున గోళీ పరగడుపున నీళ్లతో వేసుకొని, డాక్టరు చెప్పినంత సేపు ఆగిన తరువాతే తినవలెను. పాల సంఘం వారిగా ఇంకొక మాట కూడా దాచకుండా చెబుతున్నాము: పాలలోని కాల్షియం కూడా ఆ గోళీకి అడ్డు తగులుతుంది. గోళీని పాలతో గాని, పాల చాయతో గాని మింగరాదు.

నాలుగవ భయం: జన్యు మార్పిడి విత్తనం

మన దేశంలో జన్యు మార్పిడి సోయా సాగుకు అనుమతి లేదు. రైతుల పొలాలలో వ్యాపార స్థాయిలో సాగవుతున్న జన్యు మార్పిడి పంట 2002లో అనుమతి పొందిన బి.టి. పత్తి ఒక్కటే. అయితే బ్రెజిల్, అర్జెంటీనాల నుండి దిగుమతి అయ్యే సోయా నూనెలో ఎక్కువ భాగం అటువంటి గింజ నుండే వస్తున్నది. 2021 ఆగస్టులో కోళ్ల దాణా ధరలు మండినప్పుడు కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యు మార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించింది. అంతర్జాతీయ మార్కెట్టులో ఉన్న ఇటువంటి ఆహారాలు భద్రతా పరీక్షలు దాటినవని, వాటి వలన మనుషుల ఆరోగ్యానికి హాని జరిగినట్లు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. విత్తనంపై హక్కు ఎవరిది, రైతుకు లాభమా నష్టమా అన్న వాదన వేరు. దానిని కూర గిన్నెలోని విషంగా మార్చరాదు.

నిజంగా పాటించవలసిన జాగ్రత్తలు

భయాలు పోగా, జాగ్రత్తలు మిగులుతాయి. అవి ఇవి:

1. పచ్చి సోయా గింజ తినరాదు. మాంసకృత్తులు జీర్ణం కాకుండా అడ్డుపడే పదార్థాలు అందులో ఉన్నవి. పచ్చి సోయా పెట్టిన ఎలుకలు సరిగా ఎదగలేదని, ఉడికించి పెడితే ఎదిగాయని 1917లోనే అమెరికా శాస్త్రజ్ఞులు ఆస్‌బోర్న్, మెండెల్ చూపించారు. గింజలను రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించవలెను. మీల్ మేకర్ తయారీలోనే వేడికి గురి అయినది. అయినా వేడి నీళ్లలో నానబెట్టి, పిండి, ఉడికించి వండుట మంచిది.

2. సోయా పడని ఒళ్లు కొందరికి ఉంటుంది. తిన్న వెంటనే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం కనిపిస్తే తక్షణం వైద్యునికి చూపించి, ఆ తరువాత సోయా ఉన్న పదార్థాలు మానవలెను. ప్యాకెట్టు ఆహారాల మీద సోయా ఉన్నట్లు ముద్రించవలెనన్న నిబంధన ఇందుకే.

3. ఆరు నెలలు నిండే వరకు శిశువుకు తల్లిపాలు తప్ప వేరే వద్దు. ఆ తరువాత కూడా సోయా పానీయాన్ని పాలకు బదులుగా చంటిపిల్లలకు పట్టరాదు.

4. మీల్ మేకర్ ఎండుగా ఉన్నప్పుడు నూటికి 50 పాళ్ల మాంసకృత్తులు ఉంటాయి గాని, నానితే రెండు మూడు రెట్లు నీళ్లు పీల్చుకుంటుంది. మనిషికి 25 గ్రాముల ఎండు మీల్ మేకర్ వేస్తే సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. పూటకు అది చాలు. రోజూ అదే తినుట కంటే పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలతో మార్చి మార్చి తినవలెను.

5. అన్ని పప్పు గింజలవలె సోయా కూడా ఇనుము ఒంటికి పట్టుటను కొంత తగ్గిస్తుంది. కూర మీద నిమ్మరసం పిండుకుంటే ఈ లోటు కొంత తీరుతుంది.

పశువుల దగ్గర చూడవలసినవి

సోయా చెక్క పాడిపశువుకు మంచి దాణా. అది మేసిన బర్రె పాలలోకి ఐసోఫ్లేవోన్లు వచ్చినా అతి స్వల్పం. ఆ పాలు పిల్లలకు నిరభ్యంతరంగా పొయ్యవచ్చును.

కాని రెండు ప్రమాదాలు ఉన్నవి. వీటి గురించి ఎవరూ పుకారు పుట్టించరు. అందుకే మనం చెప్పవలసి వస్తున్నది.

మొదటిది, పచ్చి సోయా గింజను యూరియాతో కలిపి పెట్టుట. కొందరు రైతులు చవకగా వచ్చిన నూక సోయాను నేరుగా దాణాలో కలుపుతారు. పచ్చి సోయాలో యూరియేజ్ అనే పదార్థం ఉన్నది. యూరియాతో మాగబెట్టిన వరిగడ్డి గాని, యూరియా బెల్లపు మడ్డి ఇటుకలు గాని, యూరియా కలిసిన దాణా గాని పెట్టే పశువుకు పచ్చి సోయా కూడా పడితే, యూరియా కడుపులో ఒక్కసారిగా అమ్మోనియాగా మారుతుంది. పశువు వణుకుతుంది, కడుపు ఉబ్బుతుంది, నోట నురుగు వస్తుంది, కొద్ది గంటలలోనే ప్రాణం పోవచ్చును. అటువంటి లక్షణాలు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక పశువైద్యుని పిలువవలెను. కార్ఖానాలో సరిగా వేడి చేసిన సోయా చెక్కతో ఈ ప్రమాదం లేదు. పచ్చి గింజ పెట్టదలచినవారు వేయించి గాని ఉడికించి గాని పెట్టవలెను. యూరియాతో మాత్రం కలుపరాదు.

రెండవది బూజు. సోయా చెక్క అయినా, పత్తి చెక్క, పల్లి చెక్క, మక్కలు ఏవైనా తడిసి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చును. 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలలో బూజు పట్టిన మక్కలు తిని కాలేయం చెడి వందమందికి పైగా మరణించారు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారు దానిని పరిశోధించి బయటపెట్టారు. బూజు దాణా మేసిన పశువు పాలలోకి ఈ విషం మరొక రూపంలో దిగుతుంది. పాలు కాచినా పోదు. 2018లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ జరిపిన జాతీయ పాల సర్వేలో పరీక్షించిన 6,432 నమూనాలలో నూటికి దాదాపు ఆరింటిలో ఇది పరిమితికి మించి ఉన్నట్లు తేలింది.

సభ్యులు ఆలోచించగలరు. మీల్ మేకర్ గురించి సెల్‌ఫోనులో వచ్చిన మాటకు కూర మానివేస్తున్నాము. కొట్టంలో నేలమీద చెమ్మకు ఉబ్బిన చెక్క బస్తాను మాత్రం "పశువే గదా" అని కుడితిలో కలుపుతున్నాము. భయం ఒక చోట, ప్రమాదం మరొక చోట ఉన్నది. బస్తాలను చెక్క పలకల మీద, గోడకు దూరంగా పేర్చవలెను. వానాకాలంలో పదిహేను ఇరవై రోజులకు చాలినంత దాణాయే తెచ్చుకోవలెను. బూజు పట్టినదానిని మంచిదానిలో కలిపి పెట్టరాదు, పారవేయవలెను.

పాల సంఘం ఏమి చెప్పవలెను?

సోయా గింజ నుండి తీసిన పానీయాన్ని "పాలు" అని పిలిచి అమ్మరాదని మన దేశపు ఆహార ప్రమాణాలు చెప్పుచున్నవి. పాలు అన్న పేరు పశువుల పాలకే చెందును. ఆ పేరును కాపాడుకొనుట మన హక్కు. అందుకోసం సోయా విషమని ప్రచారం చేయవలసిన అవసరం లేదు.

పాలకు తన బలం తనకు ఉన్నది. నూరు మిల్లీలీటర్ల పాలలో 100 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. సోయాలో సహజంగా దొరకని బి-12 విటమిను పాలలో ఉన్నది. 2015 జనవరిలో మన రాష్ట్రంలో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకు, బాలింతలకు భోజనంతో పాటు 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు చేర్చినది అందుకే. అదే ఇంట్లో మరొక పూట మీల్ మేకర్ కూర వండితే మాంసకృత్తులు ఇంకా పెరుగుతాయి. ఈ రెండూ ఒక పళ్లెంలో ఇమిడే వస్తువులే గాని, ఒకదానికొకటి శత్రువులు కావు.

ఇంకొక మాట. పుకారు అనేది అందరి వాకిలి తట్టే బిచ్చగాని వంటిది. ఈ రోజు మీల్ మేకర్ వాకిట్లో నిలబడ్డది రేపు పాల వాకిట్లో నిలబడుతుంది. పాలు తాగితే ఆడపిల్లలు త్వరగా పెద్దమనిషి అవుతారన్న మాట, ప్యాకెట్టు పాలన్నీ యూరియా పాలే అన్న మాట మీరు వినే ఉంటారు. ఆ మాట వచ్చినప్పుడు "పరీక్ష చేసి చూడండి, అప్పుడు నమ్మండి" అని మనం జనాన్ని కోరుతాము. ఆ న్యాయాన్ని సోయాకు కూడా ఇస్తేనే మన మాటకు విలువ.

కావున సంఘాల కార్యదర్శులకు మా మనవి ఏమనగా: వచ్చే నెల సమావేశంలో ఈ విషయాన్ని చదివి వినిపించగలరు. థైరాయిడ్ గోళీలు వాడేవారికి, చంటిపిల్లల తల్లులకు జాగ్రత్తలు చెప్పగలరు. పచ్చి సోయా, యూరియా సంగతి, బూజు దాణా సంగతి రెండు పెద్ద అక్షరాల పంక్తులుగా వ్రాసి సేకరణ కేంద్రం గోడకు అంటించగలరు. ఉడికిన సోయా మితంగా తినవచ్చును; పిల్లలకు పెట్టవచ్చును; భయపడవలసిన పని లేదు.